పెళ్లయితే సర్దుకుంటుందా?

చేవెళ్ల, మొయినాబాదు, చందనవెల్లి వైపు ఏ ఇంట్లోనైనా వినిపించగల మాటే ఇది. కాలేజీలో చదివే అమ్మాయికి మూడు నెలలు దాటినా ముట్టు రాలేదు. మొటిమలు తగ్గటం లేదు. గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. తల్లి దిగులుపడి ఆడబిడ్డతో చెప్పుకుంటే, “ఊకో వదినా! పెళ్లయితే అదే సర్దుకుంటది. దవాఖానకు తిప్పితే నలుగురి నోళ్లల్ల పడుతది” అని సమాధానం. తల్లి ఊరుకుంటుంది. చిక్కంతా ఆ ఊరుకోవటంలోనే ఉన్నది.

దీనిని డాక్టర్లు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారు, క్లుప్తంగా పి.సి.ఓ.ఎస్. 1935లో చికాగో డాక్టర్లు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలలో దీనిని గుర్తించి వివరించారు. బిడ్డలను కనే వయసు స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ఇది మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు.

లోపల జరిగేదేమిటి? చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ లోటు తీర్చటానికి శరీరం దానిని మరింత తయారు చేస్తుంది. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను రెచ్చగొడుతుంది. ప్రతి స్త్రీలోనూ కొద్దిగా ఉండే పురుష హార్మోనులు పెరుగుతాయి. దాంతో అండాలు పక్వానికి రాక మధ్యలో ఆగిపోతాయి. స్కానులో కనిపించే “నీటి బుడగలు” ఇవే. అవి గడ్డలు కావు. వాటిని కోసి తీయవలసిన పని లేదు.

స్కాను ఒక్కటే చూసి తేల్చరాదు సుమా! రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాను మీద ఆధారపడకూడదని నిపుణుల మాట. మొదటి ఏడాది నెలసరి తప్పటం సహజమే. ఆ తరువాత ఒక్కసారైనా 90 రోజులు దాటితే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని ముందుగా నిశ్చయించుకోవాలి.

ఊరుకుంటే ఏమవుతుంది? నెలసరి రాకుండా ఉంటే గర్భాశయపు లోపొర మందమవుతుంది. ఏళ్లు గడిస్తే కాన్సరు ప్రమాదం పెరుగుతుంది. మధుమేహం చిన్న వయసులోనే పట్టుకోవచ్చు. అందుకే చక్కెర, రక్తపుపోటు చూపించుకోవాలి. మనసు కుంగటం కూడా ఈ జబ్బులో భాగమే.

వైద్యంలో సగం ఇంట్లోనే ఉన్నది. బరువు ఎక్కువగా ఉన్న 70 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా నెలసరి దారికి రావచ్చు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మన వైపు కొత్తవి కావు; మితంగా తినటమే ముఖ్యం. వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవాలి. అయితే అమ్మాయి ఒక్కదాని కంచం మీదనే ఆంక్షలు పెట్టకండి. ఇంటిల్లిపాదీ అదే తినండి. సన్నని పిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. “తిండి వల్లనే” అని నిందించకండి.

డాక్టరు గర్భనిరోధక మాత్రలు రాస్తే ఉలిక్కిపడవద్దు. అవి ఇక్కడ నెలసరిని క్రమపరచే మందు. కొందరికి మెట్‌ఫార్మిన్ ఇస్తారు. అవాంఛిత రోమాలు తగ్గటానికి ఆరు నెలలైనా పడుతుంది, ఓపిక కావాలి. బిడ్డలు పుట్టరన్న భయం కూడా అక్కరలేదు. అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మందులున్నాయి, చాలామంది తల్లులవుతున్నారు.

పెళ్లి శుభకార్యమే గాని మందు కాదు. దాచిన జబ్బు అత్తవారింటికి అమ్మాయితోనే వెళ్తుంది. అక్కడ నింద మోయవలసింది కూడా ఆమే. ఆ వదినగారు ఈసారి అడిగితే, “సర్దుకుంటదని కూర్చోను, రేపే దవాఖానకు పోతున్నాం” అని చెప్పండి.