రెండు పడవల మీద కాపురం

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లినవాళ్లకు కెటమరాన్ అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. రెండు పడవలను పక్కపక్కన నిలిపి, అడ్డంగా దూలాలు బిగించి, పైన చెక్కలు పరిస్తే మన పాతకాలపు పంటు. బళ్లూ మనుషులూ కొబ్బరికాయలూ వశిష్ఠ గోదావరి దాటింది దాని మీదే. అదే పద్ధతిలో ఫైబర్‌తో రెండు పడవలు పోసి, మధ్యలో హాలు, వంటగది, అటూ ఇటూ పడకగదులు అమర్చి, తెరచాప కొయ్య నిలబెడితే ఫ్రాన్స్‌లోనో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లోనో తయారయ్యే సముద్రయానపు కెటమరాన్ అవుతుంది. ఇల్లు అమ్మేసి ఇలాంటి పడవలోనే కాపురం పెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. నలభై అడుగులది కొత్తగా కొనాలంటే నాలుగైదు కోట్ల రూపాయలు దాటిపోతుంది కనుక చాలామంది చూపు వాడిన పడవ మీదే. అమ్మకం ప్రకటనలేమో గదుల లెక్కతో మొదలవుతాయి: నాలుగు పడకగదులు, నాలుగు బాత్‌రూములు, పెద్ద హాలు. ఆ లెక్క ఆఖరున చూసుకోవలసింది. ముందు చూడాల్సింది రెండు పడవలనూ కలిపి ఉంచే కట్టు, ఆ తర్వాత అది మోయగల బరువు. ఈ రెండూ తేలాకే గదుల సంగతి.

కట్టు ఎందుకు ముందు? ఒంటి పడవ అల మీద లేస్తే మొత్తం లేస్తుంది, పడితే మొత్తం పడుతుంది. జంట పడవలో కుడివైపుది ఒక అల నెత్తిన ఉంటే ఎడమవైపుది మరో అల పల్లంలో ఉంటుంది. ఆ మెలి అంతా మధ్య దూలాల మీదా, లోపలి అడ్డుగోడల మీదా పడుతుంది. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ వారమ్ 1950ల్లో చేత్తో కట్టుకున్న జంట పడవలో అట్లాంటిక్ దాటాడు. తర్వాతి డిజైన్లలో ఆయన దూలాలను తాళ్లతో కట్టించాడు. మెలి వచ్చినప్పుడు విరగకుండా కాస్త సాగాలని. ఫ్యాక్టరీ పడవల్లో ఆ సాగుడు ఉండదు. ప్లైవుడ్ అడ్డుగోడను ఫైబర్‌తో పడవకు అతికిస్తారు. ఏళ్ల తరబడి నలిగాక ఆ అతుకు వదులవుతుంది, పడవ వయసు బయటపడేది అక్కడే. చాలా పేరున్న ఒక మోడల్‌లోనే ఈ అడ్డుగోడలు దెబ్బతిని యజమానులు భారీ మరమ్మతులు చేయించుకోవలసి వచ్చింది. కనుక పరుపు కిందా, అలమర వెనకా, కొయ్య పాదం దగ్గరా టార్చి వేసి చూడాలి. మూలల్లో వెంట్రుక పగుళ్లు, సరిగా మూసుకోని తలుపులు, ఈమధ్యే కొత్తగా రంగేసిన ఒక్క చోటు... ఇవన్నీ సాక్ష్యాలే.

డెక్కు సంగతీ అంతే. బరువు తగ్గడానికి రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క పెడతారు. ఎప్పుడో బిగించిన బోల్టు చుట్టూ సీలు పోతే, ఆ రంధ్రం గుండా చెమ్మ దిగి లోపలి చెక్క మెత్తబడుతుంది. పైకి మాత్రం డెక్కు నిగనిగలాడుతూనే ఉంటుంది. సర్వేయర్ చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొడుతూ పోయేది అందుకే. కొబ్బరికాయను తట్టి లోపలి సంగతి చెప్పే కోనసీమ రైతుకు ఆ పని వింతగా తోచదు: గట్టి చోట కంగుమంటుంది, పుచ్చిన చోట మొద్దుగా మోగుతుంది. కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలను పదేళ్లకోసారి మార్చడం మామూలు, లేకుంటే చాలా బీమా కంపెనీలు ఒప్పుకోవు. ఇంజిన్ నుంచి పడవ అడుగు గుండా నీళ్లలోకి దిగే సెయిల్ డ్రైవ్ ఉన్న పడవల్లో, దాని రబ్బరు సీలును ఏడేళ్లకోసారి మార్చమని కొందరు తయారీదారుల సలహా. జంట పడవకు ఇంజిన్లు రెండు కాబట్టి ఈ ఖర్చూ రెండింతలే.

ఇక బరువు. గదులు ఎక్కువయ్యేకొద్దీ కొనేవాడు మోసపోయేది ఇక్కడే. నలభై అడుగుల కెటమరాన్ ఖాళీగా ఎనిమిది నుంచి పది టన్నుల దాకా తూగుతుంది. దాని మీద మోయగలిగేది మూడు నాలుగు టన్నులే. ఆరు వందల లీటర్ల మంచినీళ్లు, నాలుగు వందల లీటర్ల డీజిల్ పోస్తే అప్పుడే టన్నుకు దగ్గరపడింది. బ్యాటరీలు, జనరేటర్, వాషింగ్ మెషిన్, బియ్యం, పుస్తకాలు, మనుషులు ఇంకా ఎక్కాలి. బరువు పెరిగితే పడవ కుంగుతుంది. మధ్య డెక్కుకూ నీటికీ నడుమ ఎడం తగ్గి, అల వచ్చి కింద నుంచి గుద్దుతుంది. ఆ గుద్దులకు మళ్లీ అవే అడ్డుగోడలు నలుగుతాయి. అంటే గదుల మోజు చివరికి కట్టునే తింటుంది. కాపురానికి గదులు కావద్దా అని అడగవచ్చు. కావాలి. కానీ ఇద్దరి కాపురానికి నాలుగు పడకగదులు అద్దెకిచ్చే కంపెనీ అవసరమే తప్ప సంసారం అవసరం కాదు. మూడు గదుల పడవలో ఒక వైపంతా యజమాని గదిగా ఉంటుంది, సామాను పెట్టుకునే చోటూ మిగులుతుంది. అయితే అద్దెకు తిరిగిన పడవలను మొత్తంగా కొట్టిపారేయడం కూడా తప్పే. వాటి ఇంజిన్లు చాలా గంటలు నడిచి ఉంటాయి, నిజమే. కానీ మంచి కంపెనీ దగ్గర నూనె మార్చిన తేదీతో సహా లెక్క ఉంటుంది. రేవులో పదేళ్లు కదలకుండా పడి ఉన్న పడవకు ఆ లెక్క కూడా దొరకదు.

ఒంటి పడవే భద్రం కదా అన్నది గట్టి అభ్యంతరమే. దాని కింద బరువైన లోహపు కీల్ ఉంటుంది, ఒరిగినా మళ్లీ నిలబడుతుంది. తలకిందులైన కెటమరాన్ తనంతట తాను లేవదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూమిని చుట్టివచ్చిన నౌకాదళపు ఐఎన్‌ఎస్‌వీ తరిణి ఒంటి పడవే. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి దాన్ని నడిపిన ఆరుగురిలో ఉన్నారు. దక్షిణ మహాసముద్రపు తుఫానులను దాటాలంటే అదే సరైన ఎంపిక. కానీ కాపురం పెట్టేవాళ్లు ఎక్కువ రోజులు ఉండేది లంగరు దగ్గర, లోతు తక్కువైన నీళ్లలో. ఒంటి పడవకు రెండు మీటర్ల దాకా లోతు కావాలి, కెటమరాన్‌కు మీటరు ఇరవై సెంటీమీటర్లు చాలు. మేటలు వేసే డెల్టాలో పంటుకూ కలిసొచ్చేది ఇదే.

అలాగైతే వశిష్ఠలోనే ఇలాంటి పడవ పెట్టుకోవచ్చా? నా సలహా వద్దనే. జులై నుంచి సెప్టెంబరు దాకా నదికి వరద. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది వరద గోదావరిలోనే. అక్టోబరు నుంచి తుఫానుల కాలం: 1996 నవంబరు 6 నాటి దెబ్బ కోనసీమ మరవలేదు, 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. అంతర్వేది మొగ దగ్గర ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. కాలువల్లోకి తెచ్చుకుందామంటే వేసవిలో వాటికి నీళ్లు కట్టేస్తారు. ఏడు మీటర్ల వెడల్పున్న పడవకు లొల్ల లాకులు దాటాలన్నది పగటి కల. కొన్నది విదేశంలో అయితే, విహార నౌకల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం, కస్టమ్స్ సుంకం అదనం. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే, బీమా కూడా చూసుకోవాలి. గోదావరి మీద నాలుగు రోజులు నిద్రపోవాలనే కోరికైతే దిండి హౌస్‌బోటు తీరుస్తుంది. దానికి కోట్లు అక్కర్లేదు.

అందుకే ఈ పడవ కొనాలనుకునేవాళ్లు దాన్ని దొరికిన సముద్రంలోనే వాడుకోవడం మేలు: మధ్యధరా, కరీబియన్, థాయ్‌లాండ్ తీరం... పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అక్కడ కొందామని ఫొటోలు పంపితే హాలు ఎంత పెద్దదో అడగకండి, అడ్డుగోడల ఫొటోలు పంపమనండి. సర్వే బాగోలేకపోతే బయానా వాపసు అని కాగితం మీద రాయించుకోమనండి. పడవను నీళ్లలోంచి పైకి ఎత్తించి, అమ్మేవాడు చూపించిన సర్వేయర్‌తో కాకుండా సొంతంగా కుదుర్చుకున్న సర్వేయర్‌తో చూపించమనండి. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే, ఎన్ని గదులున్నా ఆ పడవ వద్దు.