లాగే బండికి డీజిల్‌... తిరిగే బండికి పెట్రోల్‌!

'డీజిల్‌దే తీసుకోరా, ఖర్చు కలిసొస్తుంది.' కొడుకు బండి కొంటున్నాడంటే మన ఇళ్లలో నాన్నలు చెప్పే మొదటి మాట ఇదే. ఇక్కడ చాలాకాలం అది నిజం కూడా. కానీ టెక్సాస్‌లో పెద్ద పికప్‌ ట్రక్‌ కొంటున్న కొడుక్కి ఫోన్లో ఆ సలహా ఇస్తే మాత్రం నాన్న లెక్క తప్పినట్టే. ఎందుకంటే అక్కడ డీజిల్‌ ఇంజిన్‌ కావాలంటే దాదాపు 10 వేల డాలర్లు అదనంగా పెట్టాలి. ఆ సొమ్ము తిరిగొస్తుందా, రాదా అన్నది బండి చేసే పనిని బట్టి ఉంటుంది!

ముందు కారులాంటి క్యాబిన్‌, వెనక సామాను వేసుకునే తొట్టి... అదే పికప్‌ ట్రక్‌. అమెరికా పల్లెల్లో దాని స్థానం మన ఊళ్లో ట్రాక్టర్‌ లాంటిది. పొలానికీ అదే, సంతకీ అదే, ఆదివారం చర్చికీ అదే. ఫోర్డ్‌ ఎఫ్‌ సిరీస్‌ బండ్లు 1977 నుంచీ అక్కడి ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానంలోనే ఉన్నాయి. వీటిలో మామూలు పికప్‌లకు పైమెట్టు హెవీడ్యూటీ రకం. ఫోర్డ్‌ ఎఫ్‌-250, ర్యామ్‌ 2500, షెవర్లే సిల్వరాడో 2500 ఆ కోవలోవే. గుర్రాల ట్రైలర్లు, పశువుల బండ్లు, జేసీబీలాంటి యంత్రాలు, చక్రాల మీద ఇల్లులాంటి క్యాంపర్లు... వీటిని వెనక తగిలించుకుని వందల మైళ్లు లాక్కెళ్లడమే వాటి పని.

బండి కొనేందుకు వెళ్తే అడిగే ప్రశ్న ఒకటే... 'గ్యాసా, డీజిలా?' గ్యాస్‌ అంటే మన వంటగ్యాస్‌ కాదు. గ్యాసోలిన్‌... అంటే మన పెట్రోలే.

మన లారీ ఇంజిన్‌ బంధువే!

ఒకప్పుడు ఈ పికప్‌లలో పెట్రోల్‌దే రాజ్యం. 1989 మోడల్‌ డాడ్జ్‌ ర్యామ్‌తో పరిస్థితి మారింది. 5.9 లీటర్ల కమిన్స్‌ టర్బో డీజిల్‌ ఇంజిన్‌ను అందులో పెట్టారు. పేరు విన్నట్టుందా? జంషెడ్‌పూర్‌లో తయారై మన టాటా లారీల్లోకి వచ్చిన కమిన్స్‌ బి సిరీస్‌ ఇంజిన్ల కుటుంబమే అది. తర్వాత 1994లో ఫోర్డ్‌ పవర్‌స్ట్రోక్‌, 2001 మోడల్‌తో జనరల్‌ మోటార్స్‌ డ్యూరామ్యాక్స్‌ రంగంలోకి దిగాయి. 'బరువు లాగాలంటే డీజిలే' అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. పెట్రోల్‌ ఇంజిన్‌లో గాలీ ఇంధనం కలిసిన మిశ్రమాన్ని స్పార్క్‌ప్లగ్‌ మండిస్తుంది. డీజిల్‌ ఇంజిన్‌లో స్పార్క్‌ప్లగ్‌ ఉండదు. గాలిని దాదాపు పదహారో వంతుకు నొక్కేస్తే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. పైగా గ్యాలన్‌ డీజిల్‌లో గ్యాలన్‌ పెట్రోల్‌కన్నా శక్తి ఎక్కువ. అందుకే మైలేజీ ఎక్కువ, చక్రాన్ని తిప్పే బలమూ ఎక్కువ. ఆ బలాన్నే టార్క్‌ అంటారు.

2023 మోడల్‌ ఫోర్డ్‌ సూపర్‌డ్యూటీనే చూడండి. 7.3 లీటర్ల పెట్రోల్‌ ఇంజిన్‌ 430 హార్స్‌పవర్‌, 6.7 లీటర్ల డీజిల్‌ది 475. పెద్ద తేడా లేదు. కానీ టార్క్‌ పెట్రోల్‌కి 485 పౌండ్‌-అడుగులైతే, డీజిల్‌కి ఏకంగా 1,050! అదీ 1,600 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. పెట్రోల్‌ ఇంజిన్‌ తన పూర్తి బలం చూపాలంటే 4,000 ఆర్‌పీఎం దాకా పరుగెత్తాలి.

ఈ తేడా తెలియాలంటే కొలరాడో కొండలెక్కాలి. డెన్వర్‌ నుంచి పడమటికి వెళ్లే ఐ-70 రహదారి ఐసెన్‌హోవర్‌ సొరంగం దగ్గర 11 వేల అడుగులు దాటుతుంది. అంత ఎత్తులో గాలి పలచబడి టర్బో లేని పెట్రోల్‌ ఇంజిన్‌ నీరసపడుతుంది. డీజిల్‌కి టర్బో గాలిని కూరి కూరి పెడుతుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఇక దిగుడులో ఎగ్జాస్ట్‌ బ్రేక్‌ ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతుంది. వెనక నాలుగు గుర్రాలున్న ట్రైలర్‌, పక్క సీట్లో పిల్లలు... బ్రేకులు వేడెక్కకుండా కిందికి దిగడం చిన్న విషయం కాదు మరి.

లాగుతుంది సరే... మోస్తుందా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంత బరువు దాటకూడదని ప్రతి ట్రక్కుకీ ఒక పరిమితి ఉంటుంది. డీజిల్‌ ఇంజిన్‌ పెట్రోల్‌ ఇంజిన్‌కన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు. పరిమితి ఒకటే అయినప్పుడు ఆ మేరకు తొట్టిలో సామాను తగ్గించాల్సిందే. అంటే, వెనక తగిలించి లాగడంలో డీజిల్‌ది పైచేయి అయితే, తొట్టిలో వేసుకుని మోయడంలో చాలాసార్లు పెట్రోల్‌దే పైచేయి! సిమెంటు బస్తాలు, పనిముట్లు మోసే మేస్త్రీకి ఖరీదైన డీజిల్‌ ఇంజిన్‌ అక్కరకు రాకపోవచ్చు.

పోషణ సంగతీ అంతే. 2007 నుంచి అక్కడి కొత్త డీజిల్‌ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్‌ వచ్చింది. 2010 తర్వాత విషవాయువులు తగ్గించడానికి డీఈఎఫ్‌ అనే యూరియా ద్రావణం పోయడమూ మొదలైంది. ఫిల్టర్‌లో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కేలా దూరం తిరగాలి. రోజూ రెండు మైళ్లు వెళ్లి స్కూల్లో పిల్లల్ని దింపి వచ్చే బండికి ఆ అవకాశమే ఉండదు. ఫిల్టర్‌ పూడుకుపోతుంది, బిల్లు వేల డాలర్లకు చేరుతుంది. మంచు కురిసే మినెసోటా లాంటి చోట్ల డీజిల్‌ గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే అక్కడ రాత్రిళ్లు ఫోన్‌కి చార్జింగ్‌ పెట్టినట్టు ఇంజిన్‌ హీటర్‌ని కరెంటు ప్లగ్గుకి తగిలిస్తారు.

ఇద్దరి లెక్క చూద్దాం

అమెరికాలో చాలా ఏళ్లుగా డీజిల్‌ పెట్రోల్‌కన్నా ఖరీదు. కేంద్ర పన్నే గ్యాలన్‌ పెట్రోల్‌పై 18.4 సెంట్లయితే డీజిల్‌పై 24.4 సెంట్లు. ధరలు రోజూ మారతాయి కాబట్టి లెక్క కోసం పెట్రోల్‌ 3 డాలర్లు, డీజిల్‌ 3.60 డాలర్లు అనుకుందాం.

ఒకాయన ఏడాదికి 10 వేల మైళ్లు ఖాళీ బండితో తిరుగుతాడు. గ్యాలన్‌కి పెట్రోల్‌ బండి 14 మైళ్లు, డీజిల్‌ 17 మైళ్లు ఇస్తుందనుకోండి. పెట్రోల్‌ ఖర్చు 2,143 డాలర్లు, డీజిల్‌ ఖర్చు 2,118. ఏడాదికి మిగిలేది పాతిక డాలర్లు! 10 వేల డాలర్లు తిరిగి రావాలంటే నాలుగొందల ఏళ్లు పడుతుంది.

పక్కింటాయన పశువుల ట్రైలర్‌తో ఏడాదికి 30 వేల మైళ్లు తిరుగుతాడు. బరువుతో పెట్రోల్‌ బండి 8 మైళ్లు, డీజిల్‌ 11 మైళ్లు ఇచ్చిందనుకుంటే ఏటా మిగిలేది 1,400 డాలర్ల పైమాటే. ఏడేళ్లలో పెట్టుబడి వచ్చేస్తుంది. అమ్మేటప్పుడు డీజిల్‌ ట్రక్కుకి మంచి ధర పలుకుతుంది కాబట్టి ఇంకా ముందే రావచ్చు.

ఒకే బండి, ఒకే ఇంజిన్‌. ఒకరికి సంపాదన, ఇంకొకరికి షోకు!

ఈ లెక్క వేసుకోవడానికి కంపెనీ స్టిక్కర్‌ సాయం చేయదు. మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,850 కిలోలు దాటిన పికప్‌లకు మైలేజీ స్టిక్కర్‌ అంటించాలన్న నిబంధన లేదు. కొనేవాళ్లే అడిగి తెలుసుకోవాలి.

మన దగ్గరా ఇంతే కదా. డీజిల్‌ బాగా చౌకగా ఉన్న రోజుల్లో ఆఫీసుకి పది కిలోమీటర్లు వెళ్లేవాళ్లూ డీజిల్‌ కారే కొన్నారు. 2014 అక్టోబరులో డీజిల్‌ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 నిబంధనలు వచ్చాయి. అప్పుడే మారుతీ సుజుకీ డీజిల్‌ కార్ల నుంచి తప్పుకుంది. ఎక్కువ దూరం తిరిగే బండ్లకి డీజిల్‌ ఇప్పటికీ సరైనదే. తక్కువ తిరిగేవాళ్లకే లెక్క మారింది.

కాబట్టి ఈసారి అబ్బాయి 'నాన్నా, ట్రక్‌ కొంటున్నా' అని ఫోన్‌ చేస్తే, ఏ ఇంజిన్‌ అని అడక్కండి. 'వెనకాల ఏం లాగుతావురా? ఏడాదికి ఎన్నిసార్లు?' అని అడగండి. 'వేసవిలో రెండుసార్లు పడవ' అంటే పెట్రోలే చాలు. మిగిలిన 10 వేల డాలర్లతో ఇంటిల్లిపాదీ ఎంచక్కా ఓసారి ఊరొచ్చి వెళ్లొచ్చు!