కలన గణితమునకు ముందు

కలన గణితమనగానే కళాశాలలో నూతనముగా చేరిన విద్యార్థులలో పెక్కురకు గుండె జారుట కద్దు. అయితే తరచుగా వారిని బాధించునది ఆ గణితము కాదు. దానికి పూర్వమే నేర్చియుండవలసిన బీజగణితము, ప్రమేయములు, త్రికోణమితి. ఈ సంగతి నొక చిన్న లెక్కతో చూపెదను.

గాలి నిరోధమును లెక్కింపకున్నచో, ఎత్తునుండి జారవిడిచిన రాయి పడిన దూరము, గడచిన సెకండుల వర్గమునకు 4.9 రెట్లు మీటర్లుండును. కాలమును బట్టి దూరము నిర్ణయమగుచున్నది గనుక దూరము కాలమునకు ప్రమేయము. రెండు సెకండులు ముగిసిన క్షణమున రాతి వేగమెంత? ఒక్క క్షణమున గడచిన కాలము శూన్యము, పడిన దూరమును శూన్యము. శూన్యముతో భాగింపరాదు. కావున ఆ క్షణము మొదలు ‘హ’ సెకండుల స్వల్పకాలమును తీసికొని, అందు పడిన దూరమును హ చేత భాగించి సగటు వేగమును కనుగొందము.

(2 + హ)² = 4 + 4హ + హ². దీనినుండి 4 తీసివేసి, 4.9 చేత గుణించి, హ చేత భాగించినచో 19.6 + 4.9హ వచ్చును. హ శూన్యమును సమీపించుకొలది ఈ విలువ 19.6ను సమీపించును. ఇట్లు సమీపింపబడు విలువకే అవధి యని పేరు. ఆ క్షణమున రాతి వేగము సెకండునకు 19.6 మీటర్లు.

ఇందు క్రొత్త విషయము అవధి యొక్కటియే. మిగిలినదంతయు ఉన్నత పాఠశాలలో చదివిన బీజగణితము. ఒక విద్యార్థి తొందరపడి (2 + హ)²ను 4 + హ² అని వ్రాసెననుకొనుడు. అప్పుడు సగటు వేగము 4.9హ, దాని అవధి శూన్యము. పడుచున్న రాయి నడిమింట నిలిచిపోయినది! తప్పు అవధిలో లేదు, వర్గము చేయుటలో నున్నది.

త్రికోణమితియు నిట్టిదే. కోణమును రేడియనులలో కొలిచినప్పుడే, స్వల్పకోణపు సైనును ఆ కోణముచే భాగించిన ఫలము 1ని సమీపించును. డిగ్రీలలో కొలిచినచో ఇంచుమించు 0.01745ను సమీపించును. రేడియనులను అలక్ష్యము చేసినవారికి ముందు సూత్రములన్నియు తారుమారగును.

న్యూటను మహాశయుడును ఈ మెట్లెక్కియే పైకి పోయెను. 1664లో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా నుండగా ఆయన దెకార్తు, వాలిసుల గణిత గ్రంథములను శ్రద్ధతో చదివెను. కలన గణితమునకు పునాదులు వేసినది 1665, 1666 సంవత్సరములలో.

తెలుగున చదివి ఆంగ్లమున బోధించు కళాశాలకు పోవు మన విద్యార్థులకు మరియొక చిక్కు కలదు. ప్రమేయము ‘ఫంక్షన్’ అగును, అవధి ‘లిమిట్’ అగును. పేరు మారినను వస్తువు మారదు. రెండు పేర్లను ఒకే పుటలో ప్రక్కప్రక్కన వ్రాసికొన్నచో ఆ భయము తీరును.

విద్యార్థులారా! సెలవులలో దినమున కొక గంట వర్గములు విస్తరించుట, కారణాంకములు కనుగొనుట, ప్రమేయములకు రేఖాచిత్రములు గీయుట అభ్యసింపుడు. ఆ పిమ్మట కలన గణితము మీకు పరాయిదిగా తోచదు.