రెండు గీతలున్నా మాట అందదేం?

తుని దాటాక పక్క సీటావిడ గొంతు పెంచారు. "హలో... అమ్ములూ, వినపడుతోందా? అనకాపల్లిలో కాదే, వైజాగ్‌లో... వైజాగ్ స్టేషన్‌కి..." అంటూ ఫోన్‌ని చెవి మార్చి, చేయి మార్చి చూశారు. కాల్ తెగింది. తెర నా వైపు తిప్పి, "దాని మాట నాకు గంట కొట్టినట్టు వినపడుతోంది బాబూ. నా మాటే దానికి అందట్లేదట. రెండు గీతలున్నాయి కదా మరి?" అన్నారు.

విజయవాడలో పొద్దున్నే ఎక్కిన రైలు, ఏసీ చైర్ కార్. ఆవిడ కాళ్ల దగ్గర పచ్చడి జాడీ ఉన్న సంచీ. అమ్మాయి స్టేషన్‌కు రావాలి, సంచీ మోయాలి, అందుకు ఒక మాట చేరాలి. అంతే విషయం. ఆవిడ తెలియకుండానే అసలు కిటుకు పట్టేశారు. ఫోన్ మీది గీతలు సగం సంగతే చెబుతాయి. టవర్ మాట మనకెంత బాగా వినపడుతోందో చెబుతాయి గానీ, మన మాట టవర్‌కు అందుతోందో లేదో చెప్పవు.

టవర్ ఒక్కో బ్యాండ్‌లో సాధారణంగా 20 నుంచి 40 వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మన చేతిలోని 4జీ ఫోన్ గొంతు చించుకున్నా పలికేది 0.2 వాట్లు. పడగ్గదిలో రాత్రంతా వెలిగే చిన్న ఎల్ఈడీ బల్బే అర వాటు తింటుంది, ఫోన్ ఆ పాటి కూడా కాదు. వంద నుంచి రెండొందల రెట్లు తేడా ఉన్న ఇద్దరి మధ్య సంభాషణ ఇది. టవర్‌కు చెవులు పెద్దవి గనుక కొంత సర్దుకుంటుంది. ఊళ్లో అది సరిపోతుంది. ఊరి పొలిమేర దాటి, ఇనప పెట్టెలో కూర్చున్నప్పుడు మొదట తెగేది మన వైపు మాటే.

గీతల్ని నమ్మడం మానేసి అంకె చూడటం మేలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'ఫోన్ గురించి' అన్న చోట సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెలో కనిపిస్తుంది. మైనస్ 85 అంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 105 అంటే నెట్టుకొస్తున్నట్టు. మైనస్ 115 దాటిందంటే ఏ క్షణమైనా తెగొచ్చు. ఇందులో మెలిక ఏమిటంటే ఇది కూరగాయల తూకం లాంటి లెక్క కాదు. పది అంకెలు తగ్గితే సిగ్నల్ పదో వంతు అవుతుంది, ఇరవై తగ్గితే నూరో వంతు.

ఆవేళ నా సీట్లో అంకె మైనస్ 114. లేచి రెండు పెట్టెల అవతల, కిటికీలు తెరిచి ఉన్న సెకండ్ సిట్టింగ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. మైనస్ 94. అదే రైలు, అదే సిమ్, అదే ఫోన్, దూరం రెండు పెట్టెలే. సిగ్నల్ మాత్రం వంద రెట్లు. పరుగెత్తే రైల్లో అంకె ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది గనుక మూడు నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగి చూశాను. టీటీఈ గారికి నా మీద అనుమానం కలిగేదాకా తిరిగాను. తేడా అటూ ఇటూగా ఇరవై దగ్గరే నిలిచింది.

రేడియో తరంగానికి లోహం గోడ లాంటిది, అద్దం కిటికీ లాంటిది. సెకండ్ సిట్టింగ్ పెట్టెలో కిటికీ నిజంగానే కిటికీ. ఏసీ పెట్టెలో అద్దం బిగించేసి ఉంటుంది, ఎండ వేడి ఆపడానికి అద్దం మీద పల్చని లోహపు పూత కూడా ఉందంటే తరంగానికి అదీ గోడే. ఖాళీ ఆకాశంలో లెక్కేస్తే, ఇరవై అంకెలు పోగొట్టుకోవడమంటే కిలోమీటరు దూరంలో ఉన్న టవర్‌ను పది కిలోమీటర్లు అవతలికి జరిపినట్టు. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న టికెట్‌తో చల్లగాలి వచ్చింది, టవర్ దూరమైంది. జర్మనీలో ఈ బాధ పడలేక రైలు అద్దాల మీది లోహపు పూతను లేజర్‌తో సన్నటి గీతలుగా చెక్కుతున్నారు. వేడి ఆగుతుంది, తరంగం దూరుతుంది.

రైలు వేగం వల్లే సిగ్నల్ పోతుందని చాలామంది నమ్మకం. దీన్ని లెక్కతో తీసి పక్కన పెట్టొచ్చు. ఎదురొచ్చే రైలు కూత సన్నగా మొదలై మనల్ని దాటగానే బొంగురుపోతుంది కదా, ఫోన్ తరంగానికీ అదే జరుగుతుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంలో, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆ తేడా సుమారు 217 హెర్ట్జ్. 4జీలో పక్కపక్కన నడిచే సన్నటి దారుల మధ్య ఎడం 15,000 హెర్ట్జ్. అందులో 217 అంటే నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. 4జీని గంటకు 350 కిలోమీటర్ల రైళ్లను దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. మన రైలు దానికి నడకతో సమానం.

వేగం పెట్టే ఇబ్బంది వేరే చోట ఉంది. పల్లె పట్టున ఒక టవర్ పట్టాల వెంట నాలుగు కిలోమీటర్లు కమ్ముకుంటుందనుకుందాం. గంటకు 110 వేగంతో దాన్ని దాటడానికి 131 సెకన్లు చాలు. విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు, అంటే దారిలో ఎనభై ఏడు టవర్ల చేతులు మారాలి. ఒక్కో మార్పుకు పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు, రెప్పపాటు కన్నా తక్కువ. సవ్యంగా జరిగితే మనకు తెలియనే తెలియదు. పాత టవర్ మాట వినపడనంతగా సన్నబడి, కొత్త టవర్ ఇంకా అందని జాగాలో పడితేనే కాల్ పుటుక్కుమంటుంది. పైగా ఆ టవర్లు చాలావరకు రైలు కోసం పెట్టినవి కావు. ఊరి కోసం పెట్టినవి. వాటి ముఖం ఊరి వైపు, వీపు పట్టాల వైపు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది గుంపు. 16 కోచ్‌ల వందే భారత్‌లో సీట్లు 1,128. రైలు ఒక టవర్ హద్దులోకి దూరిందంటే, మామిడి తోట మధ్య తీరుబడిగా ఉన్న టవర్ మీద ఓ చిన్న ఊరు ఉన్నట్టుండి వచ్చి పడినట్టే. రెండు నిమిషాల్లో ఆ ఊరు ఊరంతా లేచి పక్క టవర్‌కు పోతుంది. 20 మెగాహెర్ట్జ్ 4జీకి, రెండు యాంటెనాల పద్ధతిలో, కాగితం మీద గరిష్ఠ వేగం సెకనుకు 150 మెగాబిట్లు. పెట్టె గోడల వెనక అందులో అయిదో వంతు దక్కిందనుకుందాం, ముప్ఫై. ఒకేసారి 300 మంది తెర తెరిచారనుకుందాం. తలా 100 కిలోబిట్లు. ఓ మాదిరి వీడియోకు వెయ్యి కావాలి, అందుకే ఆ చక్రం అలా తిరుగుతూ ఉంటుంది. ఫోన్ మాటకు 24 కిలోబిట్లు ఇస్తే గొంతు గలగలలాడుతుంది. అంటే సినిమా చూడలేని చోట కూడా హాయిగా మాట్లాడుకోవచ్చు.

అయితే ఏ కాల్‌తో మాట్లాడుతున్నామన్నది ముఖ్యం. మా పక్కావిడ చేసింది వాట్సాప్ కాల్. డబ్బు మిగులుతుందని అలవాటు, ఇప్పటి ప్లాన్లలో మిగిలేదేమీ లేదు. 4జీలో మామూలు కాల్‌కు నెట్‌వర్క్ ప్రత్యేకంగా దారి కేటాయిస్తుంది, ఇంత వేగం తప్పక ఇస్తానని మాట ఇస్తుంది. వాట్సాప్ కాల్‌కు ఆ మర్యాద లేదు. మూడొందల మంది రీళ్లతో పాటు అదీ వరసలో నిలబడాలి. రైల్లో ఉన్నప్పుడు మామూలు కాల్ చేయడమే తెలివి.

అంతకన్నా తేలికైనది ఎస్సెమ్మెస్, మనమంతా ఓటీపీలకు వదిలేసిన ఎస్సెమ్మెస్. దాని బరువు 140 బైట్లు. ఇంగ్లిషులో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70కే నిండుతుంది. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కలోకి వస్తాయి. 'వచ్చేశాను' మన కంటికి నాలుగక్షరాలు, ఫోన్ లెక్కలో తొమ్మిది. అయినా అరక్షణం సిగ్నల్ దొరికితే చాలు, దూసుకుపోతుంది.

పొద్దున గోదావరి వంతెన మీద చూశాను. సగం పెట్టె ఫోన్లు ఎత్తి వీడియో తీసింది. ఓ పిల్లవాడు నాణెం వేస్తానని ఏసీ అద్దాన్ని కొట్టి ఏడిచాడు. ఫోన్ కెమెరా సాధారణ హెచ్‌డీలో నిమిషానికి 60 ఎంబీ దాకా నింపుతుంది, పాత పద్ధతిలో నొక్కితే 130 దాకా. ఆ అరవై ఎంబీలు నాలుగు లక్షల పైచిలుకు ఎస్సెమ్మెస్‌ల బరువు. వాట్సాప్ దాన్ని బాగా నలిపి చిన్నది చేస్తుంది గానీ, పంపాల్సింది మాత్రం ఆ 0.2 వాట్ల గొంతుతోనే. నిడదవోలులో పంపిన 'గుడ్ మార్నింగ్' వెంటనే చేరి, రాజమండ్రి వీడియో సామర్లకోట దాకా గుండ్రంగా తిరుగుతూ ఉండటానికి కారణం ఇదే. వెనక సీటు కుర్రాడు దాన్ని ఆపి మళ్లీ పంపి, ఆపి మళ్లీ పంపి బ్యాటరీ సగం చేసుకున్నాడు. సిగ్నల్ సన్నగిల్లిన కొద్దీ ఫోన్ తన శక్తినంతా పెట్టి అరుస్తుంది, బ్యాటరీ పోయేది అక్కడే. చాలాసేపు సిగ్నల్ లేని దారిలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టేస్తే ఇంటికి చేరేదాకా ఫోన్ బతికి ఉంటుంది.

మరి రైల్లోనే వైఫై ఇవ్వొచ్చు కదా అంటే, హౌరా రాజధానిలో ఉపగ్రహం ద్వారా ఇచ్చి చూశారు. ఖర్చుకు తగ్గ ఫలితం లేదని, ఆ ప్రయత్నం మానుకున్నామని 2021లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ పార్లమెంటుకు చెప్పారు. స్టేషన్లలో మాత్రం ఉంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలై ఆరు వేల స్టేషన్లు దాటింది. మొదటి అరగంట ఉచితం, వేగం సెకనుకు ఒక మెగాబిట్. రైలు ఆగే రెండు నిమిషాల్లో మహా అయితే 15 ఎంబీ దిగుతుంది. అదీ లాగిన్ అయ్యాక. లాగిన్‌కు ఓటీపీ కావాలి, ఓటీపీకి ఫోన్ సిగ్నల్ కావాలి. సిగ్నల్ లేక వైఫై వెతుక్కున్నవాడి చేతికి మళ్లీ సిగ్నల్ చీటీయే.

అరకు దారి వేరే కథ. కొత్తవలస–కిరండూల్ మార్గంలో సొరంగాలు 58, చాలామటుకు అరకు చేరేలోపే వస్తాయి. కొండరాయికి అద్దం లాంటి సందు కూడా లేదు. ఘాట్‌లో గంటకు 30 కిలోమీటర్లతో ఎక్కే రైలు అర కిలోమీటరు సొరంగం దాటడానికి నిమిషం తీసుకుంటుంది, ఏ కాల్ కూడా అంత సేపు ఓపిక పట్టదు. భూగర్భ మెట్రోల్లో గోడ వెంట తరంగాల్ని కారనిచ్చే కేబుల్ వేసి ఈ బెడద తీరుస్తారు. హైదరాబాద్ మెట్రో తొలి దశ 69 కిలోమీటర్లూ నేల పైనే నడుస్తుంది గనుక మనవాళ్లకు ఆ అవసరమే రాలేదు. కొండల్లోని ఊళ్లకే టవర్ లేనప్పుడు సొరంగాల మాటెందుకులెండి. దేశంలో 4జీ అందని 24,680 ఊళ్లకు దాన్ని చేర్చడానికి 26,316 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2022 జూలైలో.

రాష్ట్రం దాటితే? రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. సర్కిల్ గీత దాటినా ఇప్పుడు ఫరక్ పడదు. ఒకప్పుడు లారీ డ్రైవర్లు నాగపూర్‌లో సరుకు దించాక ఇంటికి ఒక మిస్డ్ కాల్, బయల్దేరాక రెండు అని గుర్తులు పెట్టుకునేవాళ్లు, ఎత్తితే రోమింగ్ బిల్లు పడేది. 2015 జూన్ 15న బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో వచ్చే కాల్స్ ఉచితం చేయడంతో ఆ భాష చచ్చిపోవడం మొదలైంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. అమర్‌నాథ్, వైష్ణోదేవి యాత్రకు వెళ్లేవారి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. గుంపుగా వెళ్లేటప్పుడు కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోవాలి. ఇక విమానంలో, 2018 నిబంధనల ప్రకారం మన గగనతలంలో 3,000 మీటర్ల ఎత్తు దాటాక ఇంటర్నెట్ ఇవ్వొచ్చు. 2025 జనవరిలో ఎయిరిండియా దేశీయ విమానాల్లో మొదలుపెట్టింది కూడా.

ఎలమంచిలి దాటుతుండగా పక్కావిడకు ఇదంతా చెప్పలేదు. ఫోన్ తీసుకుని ఎస్సెమ్మెస్ తెరిచి ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. 'అనకాపల్లి దాటాం'. ఇంకా దాటలేదు, వచ్చేసరికి దాటతాంగా అన్నారు. పంపిన వెంటనే వెళ్లలేదు. ఆవిడ తెర వంక చూస్తూనే కూర్చున్నారు. ఎక్కడో చెరుకు తోటల పక్కన ఫోన్ చిన్నగా వణికింది.

"ఏ పెట్టె అని అడుగుతోంది బాబూ," అన్నారు, మళ్లీ కళ్లజోడు సవరించుకుంటూ.