ఇంటి క్రింద రైలుదారి

ఊరి వెలుపలి పొలముల మీదుగా రైలుమార్గము వేయుట ఒక పని. జనసమ్మర్దము గల నగరము నడుమ వేయుట మరియొక పని. నగరములో దారికి అడ్డముగా ఇండ్లు, అంగళ్లు, గుళ్లు, మసీదులు ఉండును. నేల లోపల మంచినీటి గొట్టములు, మురుగుకాలువలు ఉండును. రైలు వీని క్రిందుగనో, స్తంభముల పైగనో పోవలయును. అట్టి పని సాగునప్పుడు మన ఇంటిపై మనకు మిగులు హక్కు ఎంత? ఈ ప్రశ్నకు బదులు చెప్పునవే మెట్రో రైలు చట్టములు.

మొదట ఒక చిక్కు కలదు. నగరములో తిరుగు బండి రైలా, ట్రామా? పేరులో ఏమున్నదని అనుకొనరాదు. మన రాజ్యాంగమున రైళ్లు కేంద్రజాబితాలో 22వ అంశము. పురపాలక ట్రాములు రాష్ట్రజాబితాలో 13వ అంశమున చేరినవి. పూర్తిగా పురపాలక ప్రాంతములోనే నడచు ట్రామును రైలుగా ఎంచరాదని 366వ అధికరణము చెప్పుచున్నది. కనుక పేరునుబట్టి అధికారము మారును. హైదరాబాదు మెట్రో మొదట 2008 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక ట్రాముల చట్టము క్రిందనే తలపెట్టబడినది. 2012లో అది కేంద్ర మెట్రో చట్టముల పరిధిలోనికి వచ్చినది. 2017 నవంబరు 28న మియాపూరు నుండి నాగోలు వరకు తొలి మార్గము ప్రారంభమైనది.

ఆ కేంద్ర చట్టములలో మొదటిది కలకత్తా కొరకు పుట్టినది. అచట 1972లో శంకుస్థాపన జరుగగా, నిర్మాణచట్టము 1978లో వచ్చినది. 1984 అక్టోబరు 24న రైలు నడచినది. తరువాత ఆ చట్టము ఢిల్లీకి, 2009 నాటి సవరణతో ఇతర మహానగరములకు వర్తింపజేయుటకు వీలు కలిగినది.

సాధారణ భూసేకరణలో నేల యావత్తు ప్రభుత్వపరమగును. కాని సొరంగము ఎంతో లోతున పోవునపుడు పైనున్న ఇల్లెందుకు? అందుచేత 1978 చట్టము నేలనే కాక, నేలను వినియోగించుకొను హక్కును మాత్రమే వేరుగా సేకరించుటకు వీలు కల్పించినది. ఇల్లు మనదే, క్రింద పోవు దారి మెట్రోది. దానికిని పరిహారము కలదు. ముందు ప్రకటన వెలువడును. గడువులోగా అభ్యంతరములు తెలుపవచ్చును. వానిని విచారించిన పిమ్మటనే సేకరణ ఖాయమగును. అయితే మార్గము వెంబడి కొత్త కట్టడములను, త్రవ్వకములను నియంత్రించు అధికారమును కూడ చట్టము ఇచ్చినది.

ఈ హక్కుల విలువ 2019 ఆగస్టు 31న కలకత్తా బౌబజారులో అందరికి తెలిసినది. సొరంగము త్రవ్వు యంత్రము భూగర్భజలపు పొరను తాకగా నీరు లోనికి ఉబికినది. పైనున్న పాత ఇండ్లు బీటలువారినవి, కొన్ని కూలినవి. వందలమంది కట్టుబట్టలతో బయటికి రావలసివచ్చెను. కాగితముపై ఇల్లు తమదే అయినను, కాళ్లక్రింది నేల నిలిచిననే కదా ఆ హక్కు నిలుచుట!

పరిహారము మాట. 2013 నాటి భూసేకరణ చట్టము మెట్రో నిర్మాణచట్టమును తన నాలుగవ షెడ్యూలులో చేర్చి మొదట మినహాయించినను, 2015 సెప్టెంబరు 1 నుండి పరిహార, పునరావాస నియమములు దీనికిని వర్తించుచున్నవి. నేల స్వంతము కాకున్నను, సేకరణకు ముందు మూడేండ్లుగా అచటి పనిపైననే బ్రదుకుచు జీవనాధారమును కోల్పోవు కుటుంబమును సైతము ఆ చట్టము బాధితకుటుంబముగా గుర్తించినది. అద్దె అంగడిలో కూర్చున్న దర్జీకి ఇది చిన్న సంగతి కాదు.

నిర్మాణము ముగిసినంతనే రైలు కదలరాదు. 2002 నాటి నిర్వహణచట్టము ప్రకారము మెట్రో రైలు భద్రతా కమిషనరు మార్గమును పరీక్షించి నివేదిక సమర్పింపవలెను. ఆపైన కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. ఛార్జీలను సిఫారసు చేయు సంఘమునకు హైకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో, పూర్వము పనిచేసినవారో అధ్యక్షత వహింతురు.

నగరమునకు దారి కావలెను. గృహస్థునకు గూడు కావలెను. ఈ రెంటిని తూచు త్రాసు చట్టమే. కాని ఆ త్రాసులో మన పక్షమున పడవలసినది మన అభ్యంతరపత్రము. ప్రకటన వెలువడిననాడు ఊరకుండి, గోడ కూల్చుటకు వచ్చిననాడు వాపోయిన ప్రయోజనము స్వల్పము. ఇంటి దస్తావేజులు, అద్దె రసీదులు, పన్ను చీటీలు భద్రపరచుకొని, గడువులోగా మన మాట వ్రాతపూర్వకముగా చెప్పుకొందము.