పెరిగే నగరానికి నీరెక్కడిది?



మాది కోలారు జిల్లాలోని ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా ఊరి చెరువు ఎండిపోయి, వెయ్యి అడుగుల బోరులోనూ నీరు పడక, బతుకుతెరువు కోసం నేను బెంగళూరు వచ్చాను. మనలాంటి వాళ్ళు ఎందరో వచ్చి చేరిన నగరమిది. 2001 జనగణనలో సుమారు 57 లక్షలున్న జనాభా 2011 నాటికి 85 లక్షలైంది.

ఇంత జనానికి దగ్గర్లో పెద్ద నది లేదు. 1974 నుండి కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరం అల్లాడింది. ఆ అక్టోబరులో ప్రారంభమైన కావేరి ఐదవ దశ రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తేగలదు. జనం ఇంకా పెరిగితే? అందుకే వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే పరిజ్ఞానం ముఖ్యమైంది.

ఈ శుద్ధిలో మూడు దశలున్నాయి. మొదట చెత్తను, మడ్డిని వేరుచేస్తారు. రెండో దశలో గాలి పంపి సూక్ష్మజీవులను పెంచితే, అవి మురికిని తినేస్తాయి. మూడో దశలో సన్నగా వడగట్టి, క్రిములను చంపుతారు. సింగపూరు ఇంకా ముందుకెళ్ళి, సన్నని పొరల గుండా నీటిని నెట్టి, 2003 నుండి 'న్యూవాటర్' పేరుతో వాడుతోంది.

మన కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం రోజుకు 44 కోట్ల లీటర్ల నీటితో కోలారు ప్రాంతంలోని 126 చెరువులు నింపడానికి తలపెట్టినది. ఇది తాగడానికి కాదు, భూమిలోకి ఇంకడానికి. 2018 జూన్‌లో తొలి నీరు లక్ష్మీసాగర చెరువు చేరింది. జూలైలోనే నురగ కనిపించి, వివాదం హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నీరు చేరిన చోట బోర్లు కోలుకున్నాయి. అయితే రెండో దశతో ఆపకుండా మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతులు అడుగుతూనే వచ్చారు.

మొన్న ఊరికి వెళితే మా చెరువులో నీళ్ళున్నాయి. అన్న టమాటా పెట్టాడు. వదిన మాత్రం, "ఏమప్పా, ఇవి మీరు వాడి వదిలిన నీళ్ళే కదా! పరీక్ష చేసిన కాగితం మాకెవరు చూపిస్తారు?" అనడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

విద్యార్థులారా, ఆ జవాబు మీరు చెప్పాలి. సివిల్, రసాయన, సూక్ష్మజీవ శాస్త్రాలు చదివినవారికే కాదు, ఐటిఐ, డిప్లొమా చేసినవారికి కూడా ఈ కేంద్రాల్లో పని ఉంది. తల్లిదండ్రులారా, పిల్లలు కంప్యూటరు కాక నీటి చదువు చదువుతామంటే వద్దనకండి. యంత్రం నీటిని శుభ్రం చేస్తుంది. కానీ మంచినీరు నగరానికి, వాడిన నీరు పల్లెకు అన్నప్పుడు, ఆ నీటిని పరీక్షించి ఫలితం పల్లెవాళ్ళకు తెలిసే భాషలో చెప్పడానికి మనిషే కావాలి. ఆ మనిషి మన పిల్లల్లో ఒకరు కావాలని నా కోరిక.