ఢిల్లీ ప్రైడ్ యాత్ర: ముసుగుల్లో, అట్టముక్కల్లో మిగిలిన చరిత్ర

2008 జూన్ 29, ఆదివారం. దేశ రాజధానిలోని బారాఖంబా రోడ్డు నుంచి జంతర్ మంతర్ దాకా వందలాది మంది నడిచారు. చేతుల్లో ఇంద్రధనుస్సు రంగుల జెండాలు, అట్టలపై రాసిన నినాదాలు ఉన్నాయి. కొందరు ముఖాలకు రంగుల ముసుగులు ధరించారు. ఢిల్లీలో జరిగిన తొలి ప్రైడ్ యాత్ర, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల ఆత్మగౌరవ యాత్ర, అదే. ఆ రోజే బెంగళూరు, కోల్‌కతాలలోనూ ఇటువంటి యాత్రలు జరిగాయి.

ముసుగు ఎందుకు?

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించి, యావజ్జీవం దాకా శిక్షకు వీలు కల్పించింది. వీధిలో నడవడం నేరం కాదు. అయినా మర్నాటి పత్రికలో ఫొటో పడితే ఉద్యోగం పోతుందేమో, ఇంట్లోవాళ్లు గడప తొక్కనివ్వరేమో అన్న భయం ఉండేది. నాటి ముసుగులు ఆ భయానికి సాక్ష్యాలు.

అంతకుముందు అడుగులు

1969 జూన్ 28న న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ఇన్‌పై పోలీసుల దాడిని అక్కడివారు ప్రతిఘటించారు. మరుసటి ఏడాది అదే తేదీన జరిగిన ప్రదర్శనతో ప్రైడ్ సంప్రదాయం మొదలైంది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ రూపొందించిన జెండాలో తొలుత 8 రంగులుండేవి. ముదురు గులాబీ వస్త్రం చాలినంత దొరకక ఆ రంగును వదిలేశారు. చివరకు 6 రంగులు స్థిరపడ్డాయి.

మన దేశంలో 1999 జూలై 2న కోల్‌కతాలో సుమారు 15 మంది పసుపు రంగు టీషర్టులు ధరించి తొలి యాత్ర చేశారు. ఢిల్లీలో 1992లోనే ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ సంస్థ పోలీసు ప్రధాన కార్యాలయం ఎదుట నిరసన తెలిపింది. 1998 డిసెంబరులో ‘ఫైర్’ చిత్ర ప్రదర్శనపై దాడులకు నిరసనగా రీగల్ సినిమా హాలు వద్ద జరిగిన సభలో, తాము భారతీయులమూ లెస్బియన్లమూ అని చాటే అట్ట కనిపించింది. హైదరాబాద్‌లో తొలి ప్రైడ్ యాత్ర 2013 ఫిబ్రవరిలో జరిగింది.

తీర్పుల నీడలో

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఏకాంతంలో జరిగే సంబంధం నేరం కాదని తీర్పునిచ్చింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సంబంధాన్ని తిరిగి నేర పరిధి నుంచి తప్పించింది. అప్పటికి ఢిల్లీ యాత్ర నవంబరు మాసానికి మారింది. 377 అంకెను వ్యతిరేకిస్తూ ఏళ్ల తరబడి అట్టలు మోసినవారు ఆ ఏడాది నవంబరులో విజయోత్సాహంతో నడిచారు. ఆ పాత అట్టలను వరుసగా పేర్చితే ఒక న్యాయపోరాట చరిత్రే కనిపిస్తుంది.

ఎవరు దాచాలి?

ఈ వస్తువులు అల్పాయుష్కులు. అట్ట తడిస్తే పాడవుతుంది, సిరా వెలిసిపోతుంది. బీరువా అడుగున రహస్యంగా దాచుకున్న టీషర్టు, ఆ మనిషి పోయాక చెత్తబుట్టలో పడవచ్చు. ఇందులో చట్టపరమైన చిక్కు కూడా ఉంది. స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. కనుక వీలునామా లేకపోతే, ఏళ్లపాటు కలిసి బ్రతికిన సహచరికి గానీ, సహచరుడికి గానీ ఆ జ్ఞాపకాలపై వారసత్వ హక్కు ఉండదు. అవి కుటుంబ సభ్యులకే చెందుతాయి.

బెంగళూరులోని నేషనల్ లా స్కూల్‌లో ఇటువంటి పత్రాలు, చిత్రాలు భద్రపరిచే భాండాగారం ఉంది. అయితే దాచడంలోనూ జాగ్రత్త అవసరం. నాడు ముసుగు వేసుకున్న మనిషి నేటికీ తన పేరు బయటపెట్టడానికి ఇష్టపడకపోవచ్చు. ఫొటో భద్రపరచడం ఒకటి, దానిని ప్రదర్శించడం మరొకటి. రెండోదానికి ఆ వ్యక్తి సమ్మతి తప్పనిసరి.